కలబంద: కుండీ నుంచి గుజ్జు దాకా, గుజ్జు నుంచి గుమ్మం దాకా

“కలబంద రాసుకుంటే దురద పెడుతోందండీ, నాకు పడదేమో?” ఈ మాట నా చెవిన పడని నెల లేదు. ఎలా రాసుకున్నారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: “కుండీలోంచి మట్ట విరిచి, మధ్యకు చీల్చి, ముఖానికి రుద్దేశాను.”

పడనిది చాలాసార్లు గుజ్జు కాదు. తొక్కకీ గుజ్జుకీ మధ్య పలుచగా ఉండే పసుపురసం. మా మేనకోడలి పెళ్లికి రెండు రోజుల ముందు నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. పెళ్లి ఫొటోల్లో నా ఎడమ బుగ్గ ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది.

అందుకే ఇందులో అన్నిటికంటే ఎక్కువ చోటు 5, 6 అంకెలకు ఇచ్చాను. తొందరలో ఉన్నవాళ్లు ముందు ఆ రెండూ చదివి, తక్కినవి తీరిగ్గా చూసుకోవచ్చు.

1. ముందు అది కలబందేనా?

పొలం గట్ల మీద, రోడ్ల పక్కన కంచెలా పెరిగే కిత్తనారను చూసి కలబంద అనుకునేవాళ్లు ఉన్నారు. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నోట్లో పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. ఒక మట్టతో ఇలా పరీక్షించండి:

- వంచి విరవండి. కలబంద పుటుక్కున విరుగుతుంది. కిత్తనార విరగదు, పీచు సాగుతుంది.
- కోసిన చోట చూడండి. కలబందలో అద్దంలా మెరిసే గుజ్జు దిమ్మగా ఉంటుంది. అంచు వెంట పసుపురసం ఊరుతుంది.
- కొస ముట్టుకోండి. కిత్తనార కొసన సూదిలాంటి గట్టి ముల్లు ఉంటుంది. కలబంద కొస మెత్తన, అంచు ముళ్లు గోటితో గిల్లితే ఊడొస్తాయి.

మట్టల మీద తెల్ల మచ్చలుంటే కంగారు పడకండి. కలబంద పిలకలకు మచ్చలు మామూలే, చాలావాటికి పెద్దయ్యాక పోతాయి. కానీ నర్సరీల్లో అలంకారానికి అమ్మే బుల్లి మచ్చల మొక్కలు వేరే జాతులు. వాటిని కిటికీలో పెట్టుకుని చూసుకోండి, ఒంటికి మాత్రం రాయకండి.

2. కుండీ, మట్టి

మట్టి కుండీ మేలు. ప్లాస్టిక్ కుండీలో తడి చాలాకాలం నిలుస్తుంది, కలబందకు అదే గిట్టదు. పది, పన్నెండు అంగుళాల వెడల్పు చాలు. లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే దీని వేళ్లు పైపైనే పరుచుకుంటాయి.

- ఎర్రమట్టి రెండు పాళ్లు
- ముతక ఇసుక ఒక పాలు
- బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు
- కుండీ అడుగు రంధ్రం మీద ఒక పెంకు ముక్క

నల్లరేగడి ఒక్కటే దొరికే ఊళ్లలో ఇసుక పాలు రెట్టింపు చేయండి. మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద పొడిపొడిగా విడిపోవాలి. ముద్దలాగే నిలిచిందంటే ఇసుక చాలలేదని.

3. నీళ్లు, ఎండ

కలబంద నీళ్లు లేక చచ్చిపోవడం నేను చూడలేదు. ప్రేమ ఎక్కువై రోజూ చెంబుడు పోస్తే కుళ్లిపోవడం మాత్రం మా మేడ మీదే చూశాను.

వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. మండు వేసవిలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి సరిపోతుంది. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరిపితే చాలు. పోసినప్పుడు అడుగునుంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మొక్క నడినెత్తిన, మట్టల మధ్యలో పోయకండి.

పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు దక్కితే బాగా పెరుగుతుంది. ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే మట్టలు ఇటుక రంగుకు తిరుగుతాయి. వారం పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

అమెరికా, ఐరోపా చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే కుండీని లోపలికి తేవాలి, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టాలి. మంచు పడితే మట్టలు ఉడికిన వంకాయల్లా అయిపోతాయి. మొక్క లేకపోయినా అమెరికాలోని మెక్సికన్ దుకాణాల్లో “సావిలా” అని అడిగితే మూరెడు మట్టలు దొరుకుతాయి.

మొక్క డీలా పడితే:

- మట్టలు పలుచబడి లోపలికి ముడుచుకున్నాయి: నీళ్లు చాలలేదు. ఒకసారి నిండుగా పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది.
- మొదలు మెత్తబడి దుర్వాసన: కుళ్లు. వెంటనే పెరికి, నల్లబడిన వేళ్లు కోసేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి కొత్త మట్టిలో నాటండి.
- మట్టలు సన్నగా, పాలిపోయి, పక్కకు వాలిపోతున్నాయి: వెలుతురు చాలడం లేదు.
- మట్టల సందుల్లో తెల్ల దూదిలాంటిది: పిండినల్లి. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి, వారం తర్వాత మళ్లీ చూడండి.

4. పిలకలు తీయడం

మట్ట ముక్క పాతితే మొక్క రాదు. చాలామంది పాతి, పాపం, నెల రోజులు నీళ్లు పోస్తారు. అది కుళ్లుతుందంతే. కలబంద పిలకలతోనే వస్తుంది.

పిలక జానెడుకు దగ్గరగా పెరిగి, తన వేళ్లు తనకు వచ్చాక తల్లి మొక్క నుంచి వేరు చేయండి. తెగిన చోట మానేదాకా ఒకటి రెండు రోజులు నీడన ఉంచండి. తర్వాత నాటి, నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి. తడిపుండుతో నాటడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

5. మట్ట కోయడం, పసుపురసం కార్చడం

మొక్కకు ఏడాది నిండాలి, కనీసం ఎనిమిది మట్టలుండాలి. అన్నిటికన్నా కింద, బయటివైపున్న మట్టలు ముదురు. వాటినే తీయండి. ఒకసారికి రెండుకు మించొద్దు. మధ్యలో లేతగా నిక్కపొడుచుకున్న వాటిని ముట్టుకోకండి.

మరో చిన్న సంగతి. కలబంద రాత్రిపూట గాలి పీల్చి, దాన్ని పులుపుగా దాచుకుంటుంది, పగలు ఆ పులుపును వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున కోసిన మట్ట గుజ్జు కాస్త పుల్లగా ఉంటుంది, సాయంత్రానిది చప్పగా ఉంటుంది. మజ్జిగలోకైతే నేను సాయంత్రమే కోస్తాను. చర్మానికైతే పట్టించుకోను.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కడిగి తుడిచిన పదునైన కత్తి
- పొడవాటి గాజు గ్లాసు
- వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు
- చెంచా, పాత గుడ్డ

ఇక వరుస ఇది:

1. మట్టను మొదట్లో అడ్డంగా, ఒక్క కోతలో కోయండి. విరిస్తే తల్లి మొక్కకు పుండు పెద్దదవుతుంది.
2. కోసిన వైపు కిందికి వచ్చేలా గ్లాసులో ఏటవాలుగా నిలబెట్టండి.
3. ఇరవై నిమిషాలు కదపకండి. మట్ట పెద్దదైతే అరగంట.
4. తీసి, కోసిన కొస నుంచి ఒక అంగుళం, సన్నని కొస నుంచి రెండు అంగుళాలు కోసి పారేయండి.
5. కుళాయి కింద కడిగి, మళ్లీ ఐదు నిమిషాలు నిలబెట్టండి. కొత్తగా కోసిన చోటినుంచి ఇంకా కారుతుంది. ఈ రెండోసారిని చాలామంది వదిలేస్తారు.

గ్లాసు అడుగు చూస్తే మీకే తెలుస్తుంది. మొదట నిమ్మరసంలా లేతగా చుక్కలు పడతాయి, కాసేపటికి తేనెరంగుకు, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి. వాసన పచ్చి ఉల్లిపాయకీ చెమట పట్టిన చొక్కాకీ మధ్య ఎక్కడో ఉంటుంది. బట్టకు అంటితే మరక ఓ పట్టాన పోదు. చేదు సంగతి చెప్పనక్కర్లేదు, ఒకసారి వేలికి అంటినది నాలికకు తగిలితే మధ్యాహ్నం భోజనం దాకా గుర్తుంటుంది.

ఆ చేదు అలోయిన్ అనే పదార్థానిది. కడుపులోకి వెళితే విరేచనాలు, మెలిపెట్టే నొప్పి. చర్మానికి తగిలితే కొందరికి దద్దురు.

6. గుజ్జు తీయడం

మట్టకు ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఉబ్బు వైపు పలక మీద ఆనించి పెట్టండి.

1. రెండు అంచుల ముళ్లనూ పొడవునా కోసేయండి. పిసినారితనం వద్దు, పసుపురసపు నాళాలు తొక్క కిందే ఉంటాయి కనుక అర సెంటీమీటరు లోపలికే కోయండి.
2. చదును వైపు తొక్కను, దొండకాయ చెక్కు తీసినట్టు కాక, బొప్పాయి తొక్కంత మందంగా తీయండి.
3. తిరగేసి ఉబ్బు వైపు తొక్క కూడా తీయండి. ఇప్పుడు చేతిలో మిగిలింది పారదర్శకమైన దిమ్మ ఒక్కటే.
4. దిమ్మ మీద ఎక్కడైనా పచ్చగా, పసుపుగా కనిపిస్తే కత్తితో గీకేయండి.
5. ముక్కలు చేసి నీళ్లలో పది నిమిషాలు వేయండి. నీళ్లు పారబోసి మళ్లీ పోయండి.

“ఏడు నీళ్లు పోయాలి” అనేది మా అమ్మమ్మ. నేను లెక్కపెట్టను, నీళ్లలో పసుపు ఛాయ పోయేదాకా కడుగుతాను. అది మూడు నాలుగు నీళ్లకే వస్తుంది. తినడానికైతే మాత్రం అమ్మమ్మ లెక్కే నాదీ. జిగురు ఎంత కడిగినా పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా.

చెంచాతో తొక్కను గీకి గీకి గుజ్జు రాల్చడం మానేయండి. చివరి గీకుడులో వచ్చేది గుజ్జు కాదు, మనం ఇంతసేపూ వదిలించుకున్న ఆ రసమే.

7. నిల్వ

గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. బయట పెడితే కొన్ని గంటల్లోనే గులాబీ, గోధుమ రంగులోకి తిరిగి చెడిపోతుంది.

- మూత బిగువైన గాజు సీసాలో ఫ్రిజ్‌లో: మూడు నాలుగు రోజులు
- ఐస్ ట్రేలో గడ్డకట్టించి, తర్వాత డబ్బాలోకి: రెండు మూడు నెలలు
- కోయని మట్ట, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో: వారం

మిక్సీలో వేస్తే నురగ కడుతుంది. అరగంట ఆగితే దిగిపోతుంది. రంగు మారినా, పుల్లటి వాసన వచ్చినా మొక్కల కుండీలోకి పారేయండి.

8. ఒంటికి రాయడం

మొదటిసారైతే మోచేతి లోపలివైపు పావలా బిళ్లంత రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖం.

కడిగిన ముఖానికి పలుచగా రాసి, పావుగంట తర్వాత చన్నీళ్లతో కడగండి. మొటిమల మీదా ఇంతే. గుజ్జులో నిమ్మరసం పిండమని ఎవరు చెప్పినా వినకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడవచ్చు.

తలకు పట్టించేటప్పుడు కుదుళ్లకు రాసి అరగంట ఉంచితే చాలు. ముక్కలు జుట్టులో చిక్కుకోకుండా మిక్సీ పట్టి, పలుచని గుడ్డలో వడకట్టుకోండి.

చిన్న కాలిన గాయాలకు వరుస తప్పకూడదు:

1. ముందు కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు. ఐస్ వద్దు.
2. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయండి.
3. తడి అద్ది, బాగా కడిగిన చల్లని గుజ్జును పైపైన పూయండి. రుద్దకండి.

ఇది అట్ల పెనం తగిలి ఎర్రబడినంత వరకే. బొబ్బ చిట్లితే ఇంటి గుజ్జు పెట్టకూడదు. గాయం అరచేతి కన్నా పెద్దదైనా, ముఖం మీదైనా, చిన్నపిల్లలకైనా, కరెంటు వల్లా యాసిడ్ వల్లా అయినా నేరుగా ఆసుపత్రికే. టూత్‌పేస్టు, ఇంకు, దోశెల పిండి పూయడం ఇకనైనా ఆపేద్దాం.

9. కలబంద నూనె

పావు లీటరు కొబ్బరినూనె, ఒక కప్పు గుజ్జు, చెంచా మెంతులు, రెండు రెబ్బలు కరివేపాకు. గుజ్జును ఒక గంట చిల్లుల గిన్నెలో వేసి నీరు ఓడనివ్వండి. లేకపోతే నూనె చిట్లి ముఖాన పడుతుంది.

అడుగు మందంగా ఉన్న మూకుట్లో, సన్న సెగ మీద, అన్నీ చల్లగా ఉన్నప్పుడే కలిపి పెట్టండి. అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. ముందు పెద్ద బుడగలు, తర్వాత చిన్నవి, చివరికి నూనె ప్రశాంతంగా తేరుతుంది. గుజ్జు ముక్కలు గోధుమరంగుకు వచ్చి కరకరలాడతాయి.

దించే ముందు వత్తి పరీక్ష చేయండి. చెంచాడు నూనె తీసి చల్లార్చి, దూది వత్తి ముంచి, పొయ్యికి దూరంగా వెలిగించండి. చిటపటమంటే ఇంకా నీరుంది, మరో ఐదు నిమిషాలు కాచాలి. చప్పుడు లేకుండా వెలిగితే అయినట్టే. ఆయుర్వేద తైలాలు కాచేవాళ్లు పాకం చూసే పద్ధతి ఇదే.

నీరు మిగిలిన నూనె రెండు వారాలకే ముక్కవాసన వేస్తుంది. “నా నూనె ఎందుకు కంపు కొడుతోంది” అనే ప్రశ్నకు ఇదొక్కటే జవాబు. ఎండలో ఆరిన గాజు సీసాలో పోసుకోండి.

10. తినొచ్చా?

బాగా కడిగిన గుజ్జు రెండు చెంచాలు, గ్లాసు పలుచని మజ్జిగ, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి. ఎండాకాలంలో ఎప్పుడైనా ఒక రోజు తాగడానికి బాగుంటుంది. రోజూ పరగడుపున గ్లాసుడు తాగే అలవాటును నేను సమర్థించను.

మట్టను తొక్కతో సహా మిక్సీ వేసి తాగేవాళ్లకు గట్టిగానే చెబుతున్నాను: వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కలబంద పూర్తి మట్ట సారాన్ని, మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న 2బి జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా అమ్మే విరేచనాల మందుల్లో కలబంద ఉండకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే తేల్చింది.

అసలు తీసుకోకూడనివాళ్లు:

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు
- కిడ్నీ జబ్బు, పేగుల పూత ఉన్నవాళ్లు
- షుగరు, గుండె, నీరు పోవడానికి వాడే మందుల మీద ఉన్నవాళ్లు, వైద్యుణ్ని అడగకుండా

ఆ పసుపురసాన్నే ఎండబెడితే వచ్చే నల్లటి గడ్డ ముసాంబరం. మూలికల కొట్లలో దొరుకుతుంది. బెణుకులకు, వాపులకు నీళ్లతో అరగదీసి, గోరువెచ్చగా చేసి పట్టు వేయడం పాత పద్ధతి. తెగిన చర్మం మీద వేయకండి. పాలు మాన్పించడానికి రొమ్ముకు రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది బిడ్డ కడుపులోకే వెళ్తుంది కాబట్టి పూర్తిగా మానేయాలి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే మొక్కనూ అందకుండా పెట్టండి, వాటికి కలబంద విషమే.

11. గుమ్మానికి కట్టడం

కలబంద మట్టీ నీళ్లూ లేకుండా తలకిందులుగా వేలాడుతూ కూడా బతుకుతుంది కనుక ఇంటిమీద పడే దిష్టి అది లాక్కుంటుందని, అది పచ్చగా ఉన్నన్నాళ్లు ఇల్లు పచ్చగా ఉంటుందని నమ్మకం. ఈజిప్టులోనూ కలబందను గుమ్మానికి వేలాడదీసే ఆచారం ఉంది. బతకడం వెనక కిటుకు మట్టల మీది మైనపు పూత. పైగా నీరు ఆవిరైపోకుండా పగలు దాని ముక్కుపుటాలు, అంటే మట్టల మీది సన్నని గాలి రంధ్రాలు, మూసుకునే ఉంటాయి.

కొందరు అమావాస్యనాడు, కొందరు ఆదివారం కడతారు. మీ ఇంటి ఆనవాయితీ ఏదైతే అది. కట్టే పద్ధతి మాత్రం ఇలా:

1. రెండేళ్లు దాటిన బలమైన మొక్కను, మట్టి పొడిగా ఉన్నప్పుడు, వేళ్లతో సహా పెరకండి. బజార్లో గుమ్మడికాయల పక్కన పెట్టి అమ్మేవి కొంటే వేళ్లు తెగి ఉన్నాయేమో చూడండి. తెగినవి త్వరగా ఎండిపోతాయి.
2. మట్టి దులపండి, కడగకండి. పిలకలు తీసి వేరే నాటుకోండి.
3. రెండు రోజులు నీడన ఆరనివ్వండి.
4. వేళ్లకీ అడుగు మట్టలకీ మధ్య మెడ దగ్గర పురికొసతో రెండు చుట్లు చుట్టి ముడి వేయండి. తీగ కట్టకండి, కోసుకుపోతుంది.
5. పసుపు కుంకుమలు పెట్టేవాళ్లు వేళ్ల దగ్గర పెట్టండి, మట్టల సందుల్లో కాదు.
6. వేళ్లు పైకి, మట్టలు కిందికి వచ్చేలా కట్టండి. మట్టల కొసలు ఏడడుగులకు పైనే ఉండాలి. లేదంటే పొడుగాటి చుట్టం ఎవరైనా వచ్చినప్పుడు దిష్టి కన్నా ముందు ముల్లు తగులుతుంది.

నెల తిరిగేసరికి మట్టల కొసలు నెమ్మదిగా పైకి, వెలుతురు వైపు వంగుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నెలకోసారి దించి, వేళ్లను మాత్రం పది నిమిషాలు నీళ్లలో ముంచి, ఆరాక మళ్లీ కట్టండి.

మట్టలు కాగితంలా పలుచబడితే అరిష్టమని బెంగపడనక్కర్లేదు, పారేయనూ అక్కర్లేదు. దించి, ఎండిన అడుగు మట్టలు వలిచి, ఎండిన వేళ్లు తుంచి, పైన చెప్పిన మట్టిలో నాటండి. ఐదు రోజులు ఆగి నీళ్లు పోయండి. గుమ్మానికి వేరే మొక్క కట్టండి. నాటినదాని నడుమ కొత్త మట్ట మొనదేలి పైకి కనిపించేదాకా, గుజ్జు కోసమని దాని జోలికి వెళ్లకండి.